గుడ్లు పక్వానికి వస్తున్నాయి, చీలుతున్నాయి, ఏడో రోజుకు మాత్రం పిండాలు ఉండటం లేదు

కండలేరు_గట్టు | మే 4, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో పీహెచ్‌డీ రెండో ఏడు. ఆవు అండాలను ల్యాబ్‌లో పక్వానికి తెచ్చి, ఫలదీకరణ చేసి, ఎనిమిది రోజులు పెంచడం నా పని. ఫిబ్రవరి దాకా సాఫీగానే నడిచింది. ఏప్రిల్ రెండో వారం నుంచి దారి తప్పింది.

మొన్న ముగిసిన బ్యాచ్ లెక్క చెప్తాను. 112 అండాలు మెచ్యూరేషన్‌లో, అంటే పక్వానికి, పెట్టాను. పక్కన పెట్టుకున్న కొన్నింటిని 24 గంటలకు ఒలిచి చూస్తే పదింటిలో ఎనిమిదింటికి పోలార్ బాడీ (పక్వమైన గుడ్డు బయటకు నెట్టే చిన్న బుడగ) కనిపించింది. 74 రెండు కణాలుగా చీలాయి. ఏడో రోజు బ్లాస్టోసిస్టులు (ఆ దశకు ఎదిగిన పిండాలు) తొమ్మిదే. ఫిబ్రవరిలో ఇవే చేతులతో, ఇదే మీడియాతో (అండాలు పెరిగే పోషక ద్రవం) 112కి 30 వచ్చేవి.

ఇంకుబేటర్ 38.5 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం, గాలిలో తేమ నిండుగా. ఏదీ మారలేదు. ఎండాకాలం ఇంతేనని మా ల్యాబ్‌లో అందరూ సర్దుకుంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఓవరీల (అండాశయాల) కోసం తెల్లవారుజామున నాలుగున్నరకే కబేళాకు వెళ్తాను. ఆవు ప్రాణం ఎలాగూ పోయింది, దాని కడుపులోంచి తెచ్చిన అండమైనా నా చేతిలో పాడవకూడదని ఉంటుంది. ఎక్కడ వెతకాలో చెప్పండి.

హెబ్బాళ_అక్క | మే 4, రాత్రి 11:25

అమ్మాయీ, టెన్షన్ పడకు. చీలడం బాగుండి బ్లాస్టోసిస్టులు పడిపోయాయంటే వెతకాల్సిన చోట్లు మరీ ఎక్కువేం కాదు. ముందు ఇవి చెప్పు.

ఓవరీలు ఎంతసేపట్లో ల్యాబ్‌కు వస్తున్నాయి, ఫ్లాస్క్ తెరిచినప్పుడు సెలైన్ ఎంత వెచ్చగా ఉంది? ఏ సైజు ఫాలికిల్స్ (అండాశయంలో అండం పెరిగే నీటి సంచులు) నుంచి తీస్తున్నావు? ఎలాంటి అండాలు ఏరుతున్నావు? ఒక్కో చుక్కలో ఎన్ని పెడుతున్నావు, చుక్క ఎంత? సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) కొత్త లాటా? ఎఫ్‌ఎస్‌హెచ్‌ హార్మోన్‌ను ఎన్నిసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించావు? కార్బన్ డయాక్సైడ్ 5 అన్నది ఇంకుబేటర్ తెర మీద అంకెనా, విడిగా కొలిచిందా?

అన్నిటికంటే ముందు, 24 గంటలకు క్యుములస్ (గుడ్డు చుట్టూ ఉండే కణాల పొరలు) ఎలా ఉందో చెప్పు. పోలార్ బాడీ సంగతి తర్వాత.

కండలేరు_గట్టు | మే 5, ఉదయం 6:15

అక్కా, ఒక్కోటీ చెప్తాను. కబేళా నుంచి గంటన్నర లోపే వస్తాను. 0.9 శాతం సెలైన్‌లో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపి ఫ్లాస్క్‌లో 35 డిగ్రీల దగ్గర పెడతాను, తెరిచేసరికి 34 ఉంటుంది. 2 నుంచి 8 మిల్లీమీటర్ల ఫాలికిల్స్, 18 గేజ్ సూది. మూడు పొరలకు తగ్గకుండా క్యుములస్ గట్టిగా అంటుకుని, లోపలి రంగు ఒకేలా ఉన్నవే తీసుకుంటాను. మీడియం టీసీఎం-199, అందులో 10 శాతం సీరం, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్, పైరువేట్, జెంటామైసిన్. చుక్క 50 మైక్రోలీటర్లు, అందులో 20 అండాలు, పైన మినరల్ ఆయిల్. సీరం ఫిబ్రవరి లాటే. ఎఫ్‌ఎస్‌హెచ్ చిన్న ట్యూబుల్లో విడగొట్టి ఉంది, ఒక్కసారి కరిగించాక పారేస్తాను. కార్బన్ డయాక్సైడ్ విడిగా కొలవలేదు.

క్యుములస్ దగ్గర నాకు అనుమానంగానే ఉంది. ఫిబ్రవరిలో 24 గంటలకు చూస్తే నానబెట్టిన సబ్జా గింజల్లా ఉండేవి. నడుమ ముదురు గుడ్డు, చుట్టూ మెరిసే జిగురు, పిప్పెట్‌తో లాగితే తీగలా సాగేది. ఇప్పుడు అరగంట నానిన సబ్జాలా ఉంది. ఉబ్బింది కానీ అంచుల దగ్గరే, లోపలి పొరలు గుడ్డును పట్టుకునే ఉన్నాయి.

పుంగనూరు_చిన్నోడు | మే 5, ఉదయం 8:02

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, బెంగళూరు. ఊళ్లో మాకు ఆరు ఆవులున్నాయి కాబట్టి ఈ చర్చలు చదువుతుంటాను. తెలియక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. పోలార్ బాడీ వచ్చిందంటే గుడ్డు పక్వానికి వచ్చినట్టే కదా? చీలింది కూడా. ఇంక తేడా ఎక్కడ?

రిటైర్డ్_పశువైద్యుడు | మే 5, ఉదయం 9:30

బాబూ, అందరూ పొరబడే చోటే అడిగావు. పోలార్ బాడీ చెప్పేది కేంద్రకం సంగతి. గుడ్డు తన క్రోమోజోములను సగం చేసుకుని, ఒక సగాన్ని చిన్న బుడగలా బయటకు నెట్టింది, అంతే. తర్వాత వారం రోజులు పిండాన్ని నడిపించే సరుకు కేంద్రకంలో ఉండదు, చుట్టూ ఉన్న కణద్రవ్యంలో ఉంటుంది. ఆవు పిండం సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది ఎనిమిది నుంచి పదహారు కణాల దశలో. అప్పటిదాకా తల్లి గుడ్డు కట్టి పంపిన చద్దిమూటతోనే నడవాలి. మూట చిన్నదైతే పిండం అక్కడే ఆగిపోతుంది. చీలడం బాగుండి ఏడో రోజుకు ఏమీ మిగలలేదంటే నా అనుమానం ముందుగా మూట మీదకే పోతుంది.

మామిడికాయ సంగతి నీకు తెలిసిందే. గడ్డిలో మాగపెడితే తొక్కా గుజ్జూ కలిసి పండుతాయి. కార్బైడ్ పెడితే రెండు రోజుల్లో తొక్క పసుపెక్కుతుంది, కోస్తే లోపల పులుపు. ల్యాబ్ అండానికి ఉన్న ప్రమాదం ఇదే. ఆవు కడుపులో ఉన్నంతకాలం ఫాలికిల్ ఆ అండాన్ని ఆపి ఉంచుతుంది. చుట్టూ ఉన్న కణాల నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు అందుతూ ఉంటుంది, అది ఉన్నంతసేపూ గుడ్డు కదలదు. అలా ఆగి ఉన్న రోజుల్లోనే మూట కట్టుకుంటుంది. మనం సూదితో బయటకు లాగగానే ఆ పట్టు తెగుతుంది, ఏ హార్మోనూ లేకపోయినా తనంతట తాను పక్వం మొదలుపెడుతుంది. కుందేలు అండాల్లో దీన్ని పింకస్, ఎన్జ్‌మన్ 1935లోనే చూశారు. అంటే మన ఇంకుబేటర్‌లోకి వచ్చేది మూట సగం కట్టుకున్న గుడ్డు, దానికి మనం ఇచ్చేది 24 గంటలే. ఆ 24 గంటల్లో ఏ చిన్న లోపం జరిగినా పోలార్ బాడీలో కనపడదు, ఏడో రోజు కనపడుతుంది.

పుంగనూరు_చిన్నోడు | మే 5, ఉదయం 9:48

అర్థమైంది మాస్టారూ. మా అమ్మకు కూడా చెప్పొచ్చు ఈ మాట.

నుంగంబాక్కం_ఎంబ్రియో | మే 5, మధ్యాహ్నం 1:10

నేను మనుషుల ఐవీఎఫ్ క్లినిక్‌లో పని చేస్తాను. మాకు ఈ బాధ తక్కువ. మేము హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలను చాలావరకు లోపలే పక్వం చేయించి తర్వాత తీస్తాం. మీరు పచ్చికాయ కోసుకొచ్చి మాగపెడుతున్నారు, కాబట్టి కల్చర్ మీద పడే భారం మీకే ఎక్కువ.

ఒక్క విషయం అడుగుతాను. మీ ప్రోటోకాల్ ఎక్కడిది? మీడియంలో బైకార్బొనేట్ ఎంతో, పైన కార్బన్ డయాక్సైడ్ ఎంతో, ఆ రెండూ కలిసే పీహెచ్‌ను నిలబెడతాయి. 7.2, 7.4 మధ్య ఉండాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి మనకంటే పదో వంతు తక్కువ. అక్కడ ఇంకుబేటర్ 5 అని చూపిస్తే మన చెన్నైలో నాలుగున్నర ఇచ్చినంత పనే చేస్తుంది. అందుకే అక్కడివాళ్లు ఐదున్నర పెట్టుకుంటారు. ఆ అంకెను అలాగే మోసుకొచ్చి చెన్నైలో పెడితే మీడియం పుల్లబడుతుంది.

హెబ్బాళ_అక్క | మే 5, మధ్యాహ్నం 2:36

నిజం. నేను కోస్తా నుంచి బెంగళూరు వచ్చిన మొదటి ఆరు నెలలూ ఈ లెక్క తెలియక మీడియం రంగు గులాబీకి తిరుగుతుంటే సీరాన్ని తిట్టుకున్నాను. అమ్మాయీ, తెర మీద అంకె వదిలెయ్. గ్యాస్ అనలైజర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి కొలువు. ఇంకోటి, 50 మైక్రోలీటర్లలో 20 అంటే ఇరుకు. గుడ్డు తానుగా గ్లూకోజ్‌ను పెద్దగా వాడుకోలేదు. క్యుములస్ కణాలు గ్లూకోజ్ తిని, పైరువేట్‌గా మార్చి దానికి తినిపిస్తాయి. అన్ని కణాలు ఆ చిన్న చుక్కలో తింటుంటే గ్లూకోజ్ అయిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఒక్కో అండానికి 10 మైక్రోలీటర్లు లెక్కేసుకో. అలాగని ఒక్కొక్కటీ విడిగా పెట్టకు, ఒంటరి గుడ్డు సరిగా ఎదగదు.

కండలేరు_గట్టు | మే 6, సాయంత్రం 5:50

కొలిచాను. 5.1 వచ్చింది. చెన్నైకి అది సరైనదే. పక్క ల్యాబ్ అన్నయ్య మీటర్ ఇచ్చారు. నిన్నటి నుంచి 100 మైక్రోలీటర్ల చుక్కలో 10 పెడుతున్నాను. ఫిబ్రవరిలో 20 పెట్టినప్పుడూ 30 వచ్చాయి కాబట్టి ఇదొక్కటే కారణం అనిపించడం లేదు.

రిటైర్డ్_పశువైద్యుడు | మే 6, రాత్రి 8:15

అమ్మా, మీ ల్యాబ్‌వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయకు. చెన్నై చుట్టుపక్కల నుంచి వచ్చేవి ఎక్కువగా జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు. ఎండకు వాటి ఒళ్లు కాగిపోతుంది. పక్వమయ్యే అండాన్ని ల్యాబ్‌లో 41 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచితే చాలు, బ్లాస్టోసిస్టులు తగ్గుతాయని చాలా చోట్ల చూశారు. ఒంట్లోనూ అదే జరుగుతుంది. పైగా ఫాలికిల్ పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ రోజు ఎండ తగ్గినా దెబ్బతిన్న అండాలు ఇంకొన్ని వారాలు వస్తూనే ఉంటాయి. మన దేశవాళీ ఆవు ఇంత త్వరగా లొంగదు. మా ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి, అక్కడ నెలోర్ అనే పేరుతో లక్షల మందలైంది. సూదితో అండాలు తీసినప్పుడు ఒక్కో నెలోర్ ఆవు ఐరోపా జాతుల కంటే చాలా ఎక్కువ ఇస్తుందని అక్కడివాళ్లు చెప్తారు. నీ జిల్లా పేరమ్మా అది. నా సర్వీసంతా ఆ ఆవుల మధ్యే గడిచింది, అందుకే ఆ మాట రాకుండా ఉండలేకపోయాను.

అయితే ఏప్రిల్ రెండో వారంలో ఒక్కసారిగా పడిందన్నావు. ఎండ అలా ఒక్కరోజులో మొదలవదు. ఇంకేదో ఉంది.

గోదారి_గాలి | మే 7, ఉదయం 7:20

సీరం మానేసి బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) పెట్టి చూడండి. సీరం లాటుకో రకంగా ఉంటుంది.

హెబ్బాళ_అక్క | మే 7, ఉదయం 10:05

సీరంతో పేచీ ఉంది, ఒప్పుకుంటాను. 1990ల్లో సీరంలో పెంచిన గొర్రె, ఆవు పిండాల నుంచి మరీ పెద్ద పిల్లలు పుట్టి, ఈనడం కష్టమై తల్లీ పిల్లా బాధపడ్డ ఉదాహరణలు చాలా ఉన్నాయి. అందుకే పిండాలు పెంచే దశలో చాలామంది సీరం తగ్గించారు, కొందరు పూర్తిగా తీసేశారు. కానీ ఈ అమ్మాయి లాట్ మార్చలేదు. తప్పు ఎక్కడుందో తెలియక ముందే ఇంకో మార్పు చేస్తే, రేపు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

చుక్క_నూనె | మే 7, రాత్రి 9:12

ల్యాబ్ టెక్నీషియన్‌ని, పన్నెండేళ్లుగా ఇదే పని. చెల్లీ, నువ్వు మీడియం గురించి అన్నీ రాశావు, డిష్ ఎలా తయారు చేస్తావో రాయలేదు. ఎక్కడ కూర్చుంటావు, ఏది ముందు తీస్తావు, చుక్క పెట్టాక నూనె పోయడానికి ఎంతసేపు, ఒక్కో కదలికా రాయి. ఏప్రిల్‌లో ల్యాబ్‌లో కొత్తగా ఏ వస్తువు వచ్చిందో కూడా రాయి.

కండలేరు_గట్టు | మే 7, రాత్రి 11:30

అన్నా, ఏప్రిల్ 7న కొత్త లామినార్ హుడ్ (వడకట్టిన గాలి వీచే పని పెట్టె) పెట్టారు. లోపల వేడి పలక ఉంది, 38.5 మీద ఉంచుతాం. పాత హుడ్‌లో పలక లేదు, విడిగా చిన్న వార్మర్ ఉండేది.

డిష్ ఇలా చేస్తాను. బ్లోయర్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగుతాను. డిష్‌లు చల్లగా ఉండకూడదని నాలుగూ వేడి పలక మీద పరుస్తాను. ఒక్కోదాంట్లో ఎనిమిది చుక్కలు, మొన్నటిదాకా 50 మైక్రోలీటర్ల చొప్పున, ఇప్పుడు 100. చుక్కలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా రావాలని నెమ్మదిగా పెడతాను. నాలుగూ అయ్యాక నూనె సీసా మూత తీసి వరసగా పోస్తాను. మొదటి డిష్‌లో మొదటి చుక్క పెట్టినప్పటి నుంచి నూనె పడేదాకా తొమ్మిది పది నిమిషాలు పడుతుందేమో. తర్వాత ఇంకుబేటర్‌లో నాలుగు గంటలు ఉంచి అండాలు వేస్తాను.

చుక్క_నూనె | మే 8, ఉదయం 5:40

దొరికింది చెల్లీ.

కింద 38.5 డిగ్రీల పలక, పైనుంచి ఆగకుండా వీచే గాలి, నూనె లేని చిన్న చుక్క. తడిబట్ట మేడ మీద ఆరేసినట్టే. పది నిమిషాల్లో నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పులు మిగులుతాయి. నువ్వు పోసిన మీడియం ఒకటి, నూనె కింద మిగిలేది ఇంకొకటి. కంటికి తెలీదు, చుక్క గుండ్రంగానే ఉంటుంది. నూనె పోశాక ఎంత తేమ ఉన్నా పోయిన నీరు తిరిగి రాదు. ఉప్పు చిక్కబడ్డ మీడియం అండం నుంచీ క్యుములస్ నుంచీ నీరు లాగుతుంది. ఆ ఒత్తిడిలో క్యుములస్ సరిగా విచ్చుకోకపోతే ఆశ్చర్యం లేదు.

నమ్మకం కోసం కొలువు. ద్రవం ఎంత చిక్కబడిందో కొలిచే ఆస్మోమీటర్ ఎక్కడైనా ఉంటుంది. సీసాలోని మీడియం ఒకటి, నూనె పోయకుండా తొమ్మిది నిమిషాలు ఆగిన చుక్క ఒకటి. ఇక డిష్ ఇలా చెయ్యి. వేడి పలక ఆపెయ్. చల్లటి బల్ల మీద ఒకసారికి ఒక్క డిష్. మూడు నాలుగు చుక్కలు పెట్టగానే నూనె. తర్వాతి చుక్కల్ని నూనె కిందికి పిప్పెట్ ముంచి పెట్టు. డిష్ చల్లగా ఉంటే ఏమీ కాదు, నాలుగు గంటల్లో ఇంకుబేటర్ వేడెక్కిస్తుంది. అండాలు వేసేటప్పుడు మాత్రం పలక ఆన్‌లో ఉండాలి.

పిండాలు పెంచే డిష్‌లు కూడా ఇలాగే చేస్తున్నావు కదా? అక్కడా ఇదే నష్టం.

కండలేరు_గట్టు | మే 8, సాయంత్రం 6:25

అన్నా, చేతులు వణుకుతూ టైప్ చేస్తున్నాను. సీసాలో 286 మిల్లీఆస్మోల్. తొమ్మిది నిమిషాలు ఆగిన చుక్కలో 314. మూడుసార్లు చూశాను, 311 కిందికి రాలేదు. పలక ఆపి, వెంటనే నూనె పోసిన చుక్కలో 288.

నెల రోజులుగా నా అండాలు ఆ నీళ్లలో ఉన్నాయి.

హెబ్బాళ_అక్క | మే 8, రాత్రి 7:02

బాధపడకు అమ్మా. డిష్ చల్లబడకూడదని జాగ్రత్త పడ్డావు, ఆ జాగ్రత్తలోనే జరిగింది. ఇప్పుడు ఆత్రపడి అన్నీ ఒకేసారి మార్చేయకు. ఇందులో మెచ్యూరేషన్ డిష్ వాటా ఎంతో, పిండాల డిష్ వాటా ఎంతో విడదీసి చూసే అవకాశం నీకు మళ్లీ రాదు. ఒకే రోజు ఓవరీల నుంచి వచ్చిన అండాల్ని రెండు భాగాలు చెయ్యి. సగం పాత పద్ధతి చుక్కల్లో, సగం కొత్త పద్ధతి చుక్కల్లో పక్వానికి పెట్టు. ఆ తర్వాత రెండింటినీ కొత్త పద్ధతి డిష్‌ల్లోనే పెంచు. తేడా వస్తే అది మెచ్యూరేషన్‌దే. మూడుసార్లు చెయ్యి. సగం అండాలు నష్టపోతున్నాననిపిస్తుంది, ఓర్చుకో.

నుంగంబాక్కం_ఎంబ్రియో | మే 8, రాత్రి 8:44

ఈ పూట మా క్లినిక్‌లో కూడా చుక్క పెట్టడానికీ నూనె పోయడానికీ మధ్య స్టాప్‌వాచ్ పెట్టాను. మాకు రెండు నిమిషాల లోపే. అయినా రేపటి నుంచి పలక ఆపేస్తున్నాం. చుక్క_నూనె గారూ, ధన్యవాదాలు.

కండలేరు_గట్టు | జూన్ 3, రాత్రి 10:15

మూడు విడతలూ అయ్యాయి. మూడూ కలిపి రాస్తున్నాను. అన్నీ 100 మైక్రోలీటర్ల చుక్కలో 10 అండాల చొప్పునే పెట్టాను.

పాత పద్ధతి చుక్కల్లో పక్వమైనవి 171 అండాలు, బ్లాస్టోసిస్టులు 27. కొత్త పద్ధతిలో 168, బ్లాస్టోసిస్టులు 38. పోలార్ బాడీ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంది. చీలడంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మాస్టారు చెప్పినట్టే, తేడా అంతా ఎనిమిది కణాలు దాటాకే బయటపడింది.

పాత పద్ధతిలో పక్వమైనా 27 వచ్చాయంటే, పిండాల డిష్ బాగుచేసినందుకూ చుక్క పెంచినందుకూ కొంత తిరిగి వచ్చినట్టుంది. మిగతాది మెచ్యూరేషన్ డిష్ దగ్గర పోతోంది. ఫిబ్రవరి నాటి అంకె మాత్రం ఇంకా రాలేదు.

క్యుములస్ మళ్లీ సబ్జా గింజల్లా విచ్చుకుంది. మొదటి విడత 24 గంటలకు డిష్ తెరిచినప్పుడు ఎడమవైపు కొత్తవి, కుడివైపు పాతవి పెట్టుకుని చూశాను. కుడివైపు వాటిలో లోపలి పొర గుడ్డుకు అంటుకుని చిన్న ముడిలా ఉంది. ఎడమవైపు వాటిని పిప్పెట్‌తో తీస్తే ఒకదాని జిగురు ఇంకోదాన్ని పట్టుకుని రెండూ కలిసి వచ్చాయి. ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

రిటైర్డ్_పశువైద్యుడు | జూన్ 4, ఉదయం 6:30

శభాష్ తల్లీ. ఫిబ్రవరి అంకెకు తక్కువ ఉన్నది ఆవుల ఎండ లెక్క కావచ్చు. సెప్టెంబరు, అక్టోబరు దాకా ఆగి చూడు. ఈలోగా కబేళాలో వీలైతే సంకర ఆవుల ఓవరీలు, దేశవాళీవి వేర్వేరు ఫ్లాస్కుల్లో తెచ్చుకో. ఏది ఎంత తట్టుకుంటుందో తెలుస్తుంది.

పుంగనూరు_చిన్నోడు | జూన్ 4, ఉదయం 8:10

అక్కా, నెల రోజులుగా ఈ చర్చను రోజూ తెరిచి చూస్తున్నాను. 38 చదివి చాలా సంతోషమేసింది. అమ్మకు ఫోన్‌లో చెప్తే ఆమె అడిగిన మొదటి మాట, అవి దూడలవుతాయా అని.

కండలేరు_గట్టు | జూన్ 4, రాత్రి 9:55

తమ్ముడూ, ఇవి పరిశోధనకే, ఆవు కడుపులోకి వెళ్లవు. ఇదే పద్ధతిలో పెంచిన పిండాలు దూడలవుతాయి, చాలా చోట్ల అవుతున్నాయి. అమ్మకు అలా చెప్పు.

మాస్టారూ, రేపు రెండు ఫ్లాస్కులు తీసుకెళ్తున్నాను. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నీలం మూత. నాలుగున్నరకు అక్కడుండాలి.